కాలవ కట్టేసినప్పుడే పూడిక తియ్యాలి

అమ్మలూ,

పండక్కి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళావు. ఆ నాలుగు పొద్దుళ్ళూ అరుగు మీద కూర్చుని నీ తుమ్ములు విన్నాను. భోగి నాడు వరసగా పదిహేడు, కనుమ నాడు ఇరవై రెండు. మంచం దిగుతూనే మొదలయ్యేవి. కాఫీ గ్లాసు చేతిలో చల్లారిపోయేది, నువ్వు ముక్కు చీదుకుంటూ, కళ్ళు నులుముకుంటూ కూర్చునేదానివి. ఎండెక్కాక కాస్త తెరిపి. మీ అమ్మ “రొంప పట్టింది, మంచులో తిరక్కు” అంది. మీ బామ్మ మిరియాల చారు కాచింది. నువ్వు మాత్రం సంచీలోంచి ఒక చిన్న మాత్ర తీసి ఎవరూ చూడకుండా మింగావు. నేను చూశాను. ఇల్లంతా చుట్టాలు ఉన్నారు, నలుగురిలో అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నేను డాక్టర్ని కాను తల్లీ. హైస్కూల్లో పిల్లలకి నేచురల్ సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ ఈ జబ్బుతో యాభై ఏళ్ళుగా బతుకుతున్నాను. నేను చేసిన తప్పులు నువ్వు మళ్ళీ చెయ్యక్కర్లేదు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి మాట. నీది రొంప కాదు. రొంపకి ఒళ్ళు వెచ్చబడుతుంది, గొంతు నొప్పి పెడుతుంది, ముందు నీరు కారి తరవాత చీమిడి చిక్కబడుతుంది, వారం పది రోజుల్లో దాని దారిన అది పోతుంది. ఇంట్లో ఒకరికొస్తే ఇంకొకరికి అంటుకుంటుంది. నీకు జ్వరం లేదు. ముక్కు నీళ్ళు నీళ్ళుగా కారుతుంది, లోపల దురద, కళ్ళలో దురద, అంగిట్లో దురద. తుమ్ము వస్తే ఒకటితో ఆగదు. వారాల తరబడి ఉంటుంది, మళ్ళీ యేడాది సరిగ్గా అవే రోజులకి వస్తుంది. పక్కన పడుకున్న మీ చెల్లికి రాలేదు. దీన్ని డాక్టర్లు ఎలర్జిక్ రైనైటిస్ అంటారు. పాత వైద్యులు పీనసం అనే మాట వాడేవారు.

“పడిశం పది రోగాల పెట్టు” అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నిద్ర చాలదు, తల బరువు, పనిమీద మనసు నిలవదు, నలుగురిలో కూర్చోవాలంటే బిడియం. బయటివాళ్ళకి అదంతా ఉత్త తుమ్ములాగే కనిపిస్తుంది. మా అమ్మని కూడా ఊరంతా అలాగే అనుకుంది.

మా అమ్మ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కార్తీకం వచ్చిందంటే తెల్లారగట్ల దొడ్లో ఆవిడ తుమ్ములు వినబడేవి. నూర్పిళ్ళ రోజుల్లో కళ్ళం దగ్గరికి అన్నం పట్టుకెళ్ళి, ముఖం వాచిపోయి తిరిగొచ్చేది. “ఆవిడకి రొంప ఒళ్ళు” అనేవారు. ఆవిడా అదే అనుకుంది. నలభై దాటాక ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి, ఆ తరవాత ఉబ్బసం. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారికి ఆ చివరా ఈ చివరా అని మాకు అప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ముక్కులో ఈ ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఉబ్బసం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువని ఇప్పుడు వైద్యులందరికీ తెలుసు. ముక్కుకి వైద్యం చేయించుకుంటే ఛాతీకి కూడా మేలు. ఆవిడ నుంచి నాకు వచ్చింది, నా నుంచి నీకు వచ్చింది. ఇలాంటివి కుటుంబాల్లో దిగుతాయి. నీకొచ్చినందుకు నాకు బాధగా ఉంది, కానీ నీకు తెలుసుకునే వీలుంది, వైద్యం ఉంది. ఆవిడకి ఆ రెండూ లేవు.

రెండో మాట. నీ రక్త పరీక్ష కాగితం మీ అమ్మ చూపించి “దీనికి ఇస్నోఫీలియా అట మావయ్యగారూ” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన గోదారి జిల్లాల్లో తుమ్మే ప్రతి మనిషికీ ఈ పేరు పెట్టేస్తారు. ఇస్నోఫిల్ అనేది అందరి రక్తంలోనూ ఉండే ఒక రకం తెల్లకణం. ఎలర్జీ ఉన్నా, కడుపులో నులిపురుగులున్నా దాని లెక్క కొంచెం పెరుగుతుంది. అది ఒక లెక్క మాత్రమే, నీ జబ్బు పేరు కాదు.

ఈ మాట మన దగ్గర ఇంతగా నాటుకుపోవడానికి కారణం ఉందని నా ఊహ. మనది బోదకాలు ఉన్న నేల. ఆ పురుగు మీద ఒళ్ళు తిరగబడినప్పుడు కొందరికి రాత్రిళ్ళు పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. వాళ్ళ రక్తంలో ఇస్నోఫిళ్ళు 3000 దాటిపోతాయి. మామూలు మనిషికి 500 లోపే ఉంటాయి. ఆ దగ్గుకి పనిచేసే మందు హెట్రజాన్. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలు నడిపిస్తున్నప్పుడు, 1947లో ఆయన బృందం తెచ్చిన మందు అది. మనవాడు మన మట్టి జబ్బుకి కనిపెట్టిన మందని నేను తరగతిలో ప్రతి యేడూ చెప్పేవాణ్ణి. కానీ అమ్మలూ, అది ఆ దగ్గుకి మందు, నీ తుమ్ములకి కాదు. రాత్రిపూట దగ్గు విడవకుండా వస్తే డాక్టరుకి తప్పకుండా చెప్పు, అప్పుడు ఆయన ఆ సంగతి చూస్తారు. అంతవరకు కాగితంలో అంకె చూసి మీ అమ్మని ఏడవొద్దని చెప్పు.

మరి అసలు జరిగేదేమిటి? గాల్లో తేలే పుప్పొడినో, ధూళినో నీ ఒళ్ళు పగవాడనుకుంటుంది. దాని కోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసి ముక్కు పొరలోని కణాలకి తగిలించి ఉంచుతుంది. మళ్ళీ అదే ధూళి ముక్కులో పడగానే ఆ కణాలు తమలోని హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుస్తాయి. దురద, తుమ్ము, నీరు అన్నీ దాని వల్లే. కొన్ని గంటల తరవాత పొర వాచి ముక్కు దిబ్బడేస్తుంది. ఇది బలహీనత కాదు, రక్తం చెడిపోవడం అంతకన్నా కాదు.

పుప్పొడి వల్లే ఈ తుమ్ములొస్తాయని మొదట రుజువు చేసింది ఇంగ్లండులో మాంచెస్టరు డాక్టరు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకీ మనలాగే ఉండేది. గడ్డి పుప్పొడిని తన ముక్కులో తనే వేసుకుని చూశాడు. జిగురు పూసిన గాజుపలకలు గాలిపటాలకి కట్టి పైకి పంపి, అంత ఎత్తులో కూడా పుప్పొడి ఉందని లెక్కగట్టాడు. 1873లో ఆ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. సంక్రాంతికి డాబా మీద మన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. తన ఒంటినే పరీక్షగా పెట్టుకుని, ఏ రోజు ఎంత తుమ్మాడో, ఆ రోజు గాల్లో ఏముందో రెండూ పక్కపక్కన రాసుకున్నాడు. నిన్ను చెయ్యమనేదీ అదే.

ఇంగ్లండు పుస్తకాల్లో ఈ జబ్బు వసంతంలో వచ్చి వేసవితో పోతుందని ఉంటుంది. మన డెల్టాకి ఆ లెక్క సరిపోదు. మన ముక్కులకి మన పంటలే పంచాంగం. తొలకరి పడి ధవళేశ్వరం దగ్గర కాలవలకి నీళ్ళు వదిలిన దగ్గర్నుంచి వినాయకచవితి దాటేదాకా ఇళ్ళు చెమ్మగా ఉంటాయి. గోడలకి బూజు పడుతుంది, బీరువాలో బట్టలు ముక్కవాసన వేస్తాయి. ఆ బూజు విడిచే రేణువులు కొందరికి గిట్టవు. దసరా నుంచి కార్తీకం దాకా సార్వా వరి ఈనుతుంది, గట్ల మీద గరిక, రకరకాల గడ్లు కంకులు వేస్తాయి, కాలవగట్లన్నీ వయ్యారిభామ తెల్లటి పూలతో నిండిపోతాయి. మార్గశిరంలో కోతలు, నూర్పిళ్ళు. వరి నూగు, ఊక, గడ్డి దుమ్ము. ఇప్పుడు మిషన్ కోస్తుంటే చేలో దుమ్ము పొగలా లేచి ఊళ్ళోకి వస్తోంది. పుష్యంలో మంచు. పైన వెచ్చటి గాలి మూతలా నిలబడి కింద చల్లగాలిని కదలనివ్వదు, అందుకే పొయ్యి పొగ, చెత్త పొగ, భోగిమంట పొగ నేలనంటుకుని ఉండిపోతాయి. మళ్ళీ ఉగాది వెళ్ళాక దాళ్వా కోతలు, కొయ్యకాళ్ళ మంటలు, రాలుటాకుల దుమ్ము.

ఇవన్నీ నీకు గిట్టవని కాదు. ఇందులో ఒకటో రెండో నీవి. అవేవో కనుక్కోవాలి. కడియపులంక మీదుగా బస్సు వెళ్తుంటే నర్సరీల దగ్గర ముక్కు మూసుకుంటావని విన్నాను. పాపం ఆ పూలని అంత అనుమానించకు. రంగూ వాసనా ఉన్న పూలు తేనెటీగల కోసం పూసేవి, వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి మోసుకుపోతే తప్ప పోదు. గాలికి ఎగిరొచ్చేది ఎవరూ చూడని పూలది, గడ్డిది. ఘాటైన వాసన ముక్కుని చురుక్కుమనిపించే మాట నిజమే, కానీ అది వేరే సంగతి.

అందుకని నీకొక పని చెప్తున్నాను. చిన్న నోటు పుస్తకం ఒకటి పెట్టుకో. రోజూ పడుకునే ముందు రెండు వరసలు రాయి. ఎన్నింటికి తుమ్ములొచ్చాయి, ఎక్కడున్నావు, ముక్కు దిబ్బడేసిందా, కళ్ళు దురదపెట్టాయా, ఊళ్ళో ఏ పని నడుస్తోంది, ఏ మందు వేసుకున్నావు. తుమ్ములు వారంలో నాలుగు రోజులకి మించి, నెల దాటి ఉంటే ఒక రకం, అంతకంటే తక్కువైతే ఒక రకం. వైద్యం కూడా దాన్నిబట్టే మారుతుంది. పుస్తకం లేకపోతే డాక్టరు ముందు కూర్చుని “ఎప్పుడూ ఉంటుందండీ” అంటావు. ఆ మాటతో ఆయన ఏం చెయ్యగలరు?

ఇక ఇల్లు. నీకు పొద్దున లేవగానే ఎక్కువంటే నాకు అనుమానం నీ పరుపు మీద. కంటికి కనబడనంత చిన్న ధూళి పురుగులు పరుపుల్లో, తలగడల్లో ఉంటాయి. మన ఒంటి మీద నుంచి రాలే పొట్టే వాటి తిండి, గాల్లో చెమ్మే వాటి నీళ్ళు. మన గోదారి గాలి వాటికి ఏడాది పొడవునా పండగే. నువ్వు ఇక్కడ పడుకున్నది మీ బామ్మ పెళ్ళినాటి బూరుగుదూది పరుపు మీద. దాన్ని తీయించేశాను, మీ బామ్మని ఒప్పించే. రాజమండ్రిలో నీ గదిలో దుప్పట్లు, తలగడ గలీబులు వారానికొకసారి బాగా వేడినీళ్ళలో నానబెట్టి ఉతుకు. అరవై డిగ్రీల వేడికి ఆ పురుగులు బతకవు. తలగడకీ పరుపుకీ జిప్పున్న దళసరి తొడుగులు వేయించు. కిటికీ తెరలు పల్చటివి పెట్టి తరచూ ఉతుకు. ఊడ్చే ముందు తడిగుడ్డ పెట్టు. పండగ ముందు నీ చేతికి బూజుకర్ర ఇచ్చారు చూడు, ఇక మీదట ఆ పని నీది కాదు, నేను అందరికీ చెప్పేశాను. తప్పనిసరైతే ముక్కుకీ నోటికీ ఎన్-95 మాస్కు బిగించి, పనయ్యాక స్నానం చేసి, బట్టలు మార్చుకో. చేలో నూర్పిడి ఉంటే ఆ నాడు అటు వెళ్ళక్కర్లేదు, వెళ్తే అదే పద్ధతి.

దోమల చుట్ట మానెయ్యి, దోమతెర కట్టుకో. సాంబ్రాణి, పసుపుకొమ్ము పొగ పట్టమని ఎవరైనా ప్రేమగా చెప్తే ప్రేమగా నమస్కారం పెట్టు, పొగ మాత్రం పట్టకు. వాచిన ముక్కుకి ఏ పొగైనా పొగే. బామ్మ మిరియాల చారు తాగు, గొంతుకి హాయి, మనసుకి ఇంకా హాయి. ఆవిరి పడితే కాసేపు తెరిపిగా ఉంటుంది, తప్పులేదు. అవి జబ్బుని ఆపుతాయని మాత్రం అనుకోకు.

ఇప్పుడు నువ్వు దాచి మింగిన మాత్ర. మీ నాన్నచేత ఆ అట్ట తెప్పించి చదివాను. అందులో తుమ్ముల మందుతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంది. మెడికల్ షాపులో తుమ్ములంటే ఇచ్చారు, వేసుకుంటే గంటలో తగ్గింది, అందుకని మళ్ళీ మళ్ళీ కొన్నావు. నిన్ను తప్పుపట్టను. కానీ స్టెరాయిడ్ మాత్రలు డాక్టరు లెక్క లేకుండా నెలల తరబడి వేసుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. కాబట్టి ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావో దాచకుండా డాక్టరుకి చెప్పి, ఆయన చెప్పినట్టు మానెయ్యి. యేడాదికొకసారి ఇంజక్షన్ చేయించుకుంటే సీజనంతా తుమ్ములుండవని చెప్పేవాళ్ళ మాట కూడా వినకు. అదీ అదే మందు.

నా తప్పు కూడా విను. ముప్పై ఏళ్ళప్పుడు ముక్కు దిబ్బడకి చుక్కల మందు కొనుక్కున్నాను. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంది. రోజూ వేశాను. ఆ చుక్కలు మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు. దాటితే మందు దిగగానే ముక్కు ముందుకంటే ఎక్కువ వాస్తుంది, మళ్ళీ చుక్కలు కావాలి. ఇచ్చినవాళ్ళు ఆ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడేళ్ళు సీసా తలగడ కింద లేకుండా నిద్రపోలేదు. చివరికి ఒక డాక్టరుగారు ఓపిగ్గా మాన్పించారు. ఆ వారం రోజులు నోటితో ఊపిరి పీలుస్తూ కూర్చునే నిద్రపోయాను. నీకా అవస్థ వద్దు.

మరి దేన్ని నమ్మాలి? మందుల్లో అన్నిటికంటే బాగా పనిచేసేది ముక్కులో కొట్టుకునే స్ప్రే. ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ లాంటివి. అందులోనూ స్టెరాయిడే కదా అంటావు. లెక్క చూడు. ఫ్లుటికాసోన్ ఒక్కో నొక్కుకి 50 మైక్రోగ్రాములు, రెండు ముక్కుల్లో రెండేసి నొక్కులు కొట్టినా 200. ప్రెడ్నిసోలోన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి అంటే 10,000 మైక్రోగ్రాములు. పైగా స్ప్రే మందు ముక్కు పొర దగ్గరే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది బహు స్వల్పం.

కానీ స్ప్రే చుక్కల్లాగా రెండు నిమిషాల్లో పనిచెయ్యదు. రోజూ వాడితే కొన్ని రోజులకి గుణం తెలుస్తుంది, పూర్తి ఫలితానికి వారం రెండు వారాలు పడుతుంది. “రెండ్రోజులు కొట్టాను, తగ్గలేదు” అని మానేసినవాళ్ళే ఎక్కువ. మనం డెల్టా మనుషులం కదా. కాలవలో పూడిక ఎప్పుడు తీస్తారు? వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు. నీళ్ళు వదిలేశాక చివరి చేలకి నీరందడం లేదని గగ్గోలు పెడితే ఏం లాభం? అలాగే, నీ సీజను ఎప్పుడో పుస్తకంలో తేలాక, దానికి రెండు వారాల ముందే డాక్టరుని అడిగి స్ప్రే మొదలెట్టు. ఈ ఉత్తరంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఈ మాట గుర్తుపెట్టుకో.

కొట్టుకునే పద్ధతి కూడా నేర్చుకో. సీసా బాగా కదుపు, తల కాస్త ముందుకి వంచు. ఎడమ ముక్కుకి కుడి చెయ్యి, కుడి ముక్కుకి ఎడమ చెయ్యి. మూతి చెవివైపు ఉండాలి, మధ్య దూలంవైపు కాదు. దూలానికి తగిలితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీల్చకు, ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది. దురద, తుమ్ములు ఎక్కువున్న రోజు నిద్ర తక్కువగా తెచ్చే మాత్రలున్నాయి, ఫెక్సోఫెనడిన్, లోరాటాడిన్ లాంటివి. పాతకాలం తుమ్ముల మాత్రలు మత్తు తెస్తాయి, అవి వేసుకుని స్కూటీ నడపకు. మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర రాస్తే, కలతనిద్రగానీ దిగులుగానీ మొదలైతే వెంటనే చెప్పు. ఆ మందుతో మనసు మీద ప్రభావం గురించి 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టింది.

స్ప్రేకి ముందు ముక్కు ఉప్పునీళ్ళతో కడుక్కుంటే మందు పొరకి బాగా అందుతుంది. మన యోగంలో జలనేతి అన్నది అదే. అర లీటరు నీళ్ళకి ఒక చిన్న చెంచా తలకొట్టు ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్ళు మాత్రం బాగా మరిగించి చల్లార్చినవే వాడు. కుళాయి నీళ్ళు, కాలవ నీళ్ళు ముక్కులోకి ఎక్కించకు. పచ్చి నీళ్ళలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకి పోయి ప్రాణం తీసిన కేసులు ఈమధ్య కేరళలో చూశాం. అరుదైనదే, కానీ మరిగించడానికి పది నిమిషాలు చాలు.

ఇవన్నీ చేసినా లొంగకపోతే చర్మం మీద పరీక్ష చేసి నీకు గిట్టనిదేదో తేలుస్తారు. తరవాత దాన్నే కొంచెం కొంచెంగా ఒంటికి అలవాటు చేసే వైద్యం ఉంది. లండన్లో 1911లో మొదలైన పద్ధతి అది. మూడేళ్ళ నుంచి అయిదేళ్ళు ఓపిక కావాలి. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, రాజమండ్రిలోనూ మెడికల్ కాలేజీలున్నాయి. ముక్కు, చెవి, గొంతు డాక్టరుకి ఒకసారి చూపించు. ఒక పక్కే ముక్కు మూసుకుపోయినా, రక్తం పడినా, దుర్వాసన వచ్చినా, వాసన తెలియకపోయినా, ఛాతీలో పిల్లికూతలు వినిపించినా ఆలస్యం చెయ్యకు. ఆ చివరిది మరీ.

ఇంకొక్కటి. నీకు సంబంధాలు చూస్తున్నారని, తుమ్ముల సంగతి పైకి రానివ్వొద్దని ఎవరో అన్నారట. అందుకేనేమో ఆ మాత్ర దాచుకుని మింగావు. తల్లీ, దాచుకోవలసిన జబ్బు కాదిది. మా అమ్మ దాచుకోలేదుగానీ ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు దాచుకుంటే పట్టించుకునేవాళ్ళకి కూడా దారి ఉండదు. వచ్చేవాళ్ళకి నేనే చెప్తాను, నాకూ ఉందని, మా అమ్మకీ ఉండేదని.

ఇప్పుడు దాళ్వా నాట్లు పడుతున్నాయి. కోతలకి ఇంకా వ్యవధి ఉంది. పుస్తకం ఈ రాత్రే మొదలుపెట్టు. ఉగాదికి వచ్చేటప్పుడు సంచీలో పెట్టుకురా. ఆ సాయంత్రం అరుగు మీద నేను ఊరి పంచాంగం చదువుతాను కదా. అది అయ్యాక మనిద్దరం లోపల కూర్చుని నీది చదువుకుందాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య